మొదటి కంప్యూటర్ని అమ్మింది మీటర్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ చేసే కంపెనీ సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కంప్యూటర్ల చరిత్ర అని రెండు పేజీలు వేసారు కదా, పొద్దున్నే కాఫీ పెట్టుకుని కూర్చుని చదివాను, బొమ్మలు బావున్నాయి, రాసినవాళ్ళు కష్టపడ్డారని తెలుస్తూనే ఉంది. కానీ ప్రపంచంలో డబ్బుకి అమ్మిన మొదటి కంప్యూటర్ అమెరికా వాళ్ళ యూనివాక్ అని ఒక్క ముక్క రాసేసి ముందుకెళ్ళిపోయారు, నేను అక్కడే ఆగిపోయాను, కాఫీ చల్లారిపోయింది, మా ఆవిడ మళ్ళీ వెచ్చబెట్టనంది. యూనివాక్‌ని అమెరికా జనాభా లెక్కల ఆఫీసు వాళ్ళు తీసుకున్నది 1951 మార్చి 31న. అంతకంటే ముందే, అదే ఏడాది ఫిబ్రవరిలో, ఇంగ్లాండులో మాంచెస్టర్ యూనివర్సిటీకి ఫెర్రాంటి అనే కంపెనీ వాళ్ళు ఫెర్రాంటి మార్క్ 1 అనే మెషీన్ని పట్టుకొచ్చి దింపారు. తేడా నెలన్నరే, కానీ ముందు ముందే కదా సార్. జర్మనీ ఇంజనీరు జూసే 1950లోనే తన మెషీన్ని జ్యూరిక్‌లో అద్దెకి ఇచ్చాడు కదా అని ఎవరైనా లేస్తారేమో, అది రిలేలతో, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులతో, టకటకలాడే మెషీను, ఎలక్ట్రానిక్ కాదు. అమెరికాలోనే ముందు వచ్చిన బైనాక్ అనే కంప్యూటర్ సంగతేంటంటారేమో, అది ఒకే ఒక్కటి చేసారు, అదీ ఒకే పని కోసం. అందరూ కొనుక్కోవచ్చు, ఏ లెక్కకైనా వాడుకోవచ్చు అని అమ్మింది మాత్రం ఫెర్రాంటి వాళ్ళే.

ఇంత చిన్నదానికి ఉత్తరం ఎందుకంటారా, నేను కరెంటు డిపార్ట్‌మెంట్లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరు) చేరి ఏడీఈగా (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు) రిటైరయ్యాను, ఫెర్రాంటి అనే పేరు నాకు కంప్యూటర్ వల్ల తెలిసింది కాదు. ఎలక్ట్రికల్ చదివిన ప్రతివాడికీ తెలుసు ఫెర్రాంటి ఎఫెక్ట్, పరీక్షలో గ్యారంటీగా వచ్చే ప్రశ్న, ఫేజర్ బొమ్మ గీసి నాలుగు లైన్లు రాస్తే మార్కులు పడిపోతాయి. ఎఫెక్ట్ రాసెయ్యమంటే రాస్తారు, ఆ ఫెర్రాంటి ఎవరు బాబూ అంటే నోరు మెదపరు. మా పక్కింటబ్బాయి ట్రిపుల్ ఈ మూడో ఏడు, అడిగితే ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థం ఉంది కదా, దాన్నుంచి వచ్చిందేమో అంకుల్ అన్నాడు.

ఆ ఎఫెక్ట్ ఏంటో మీ పాఠకులకి రెండు ముక్కల్లో చెప్తాను. పొడుగాటి హైటెన్షన్ లైను ఉందనుకోండి, లోడు బాగా తగ్గిపోయినప్పుడు మనం ఈ చివర పంపిన వోల్టేజీ కంటే ఆ చివర ఎక్కువ కనబడుతుంది. లైనే ఒక పెద్ద కెపాసిటర్, అంటే చార్జిని దాచుకునేది, దాన్ని చార్జ్ చెయ్యడానికి పోయే కరెంటు లైనులోని ఇండక్టెన్స్ (కరెంటు మారడాన్ని అడ్డుకునే గుణం) గుండా పోతూ అవతల వోల్టేజీని పైకి లేపుతుంది. పుస్తకంలో చదివినప్పుడు నమ్మాను కానీ నమ్మలేదు. ఊరి బయట 400 కేవీ సబ్‌స్టేషన్లో నైట్ షిఫ్టులో ఉండగా, వానాకాలం, బాగా వర్షాలు పడి పంపుసెట్లన్నీ ఆగిపోయిన రాత్రి, రెండింటికో రెండున్నరకో చూస్తే మీటర్ ముల్లు 420 దాటి పైకి పాకుతోంది, కొత్తగా వచ్చిన షిఫ్ట్ ఆపరేటర్ పరిగెత్తుకొచ్చి గిదేంది సార్, ఆడ పంపిందానికంటే ఈడ ఎక్కువొస్తున్నది, కరెంటు దార్లో పిల్లలు పెడ్తున్నదా అన్నాడు. కరెంటు పంపకం చూసే లోడ్ డిస్పాచ్ వాళ్ళకి ఫోన్ చేసి రియాక్టర్ (పెరిగిన వోల్టేజీని దించే పెద్ద కాయిల్) సర్వీసులోకి తీసుకుని, అప్పటికీ దిగకపోతే ఒక సర్క్యూట్ తెరిచి పెట్టేవాళ్ళం. కరోనా టైములో 2020 ఏప్రిల్ 5న రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లార్పమన్నారు గుర్తుందా, దేశం మొత్తం మీద ఒక్కసారిగా దాదాపు 31 వేల మెగావాట్ల లోడు పడిపోయింది, మనం బాల్కనీల్లో దీపాలు పెట్టుకుంటుంటే మా డిపార్ట్‌మెంటు పిల్లలు సబ్‌స్టేషన్లలో ఈ ఫెర్రాంటి గారితోనే కుస్తీ పట్టారు.

ఆ ఫెర్రాంటి మనిషే. సెబాస్టియన్ డి ఫెర్రాంటి, 1864లో లివర్‌పూల్‌లో పుట్టాడు, పేరు ఇటలీది గానీ కుర్రాడు ఇంగ్లాండు వాడే. పద్ధెనిమిదేళ్ళకే, 1882లో, సొంత ఆల్టర్నేటర్ (ఏసీ కరెంటు పుట్టించే యంత్రం) డిజైనుతో లండన్‌లో కంపెనీ పెట్టాడు. మనవాళ్ళు ఆ వయసులో ఈఏపీసెట్ ర్యాంకు కోసం ఏడుస్తుంటారు. తర్వాత థేమ్స్ నది ఒడ్డున డెట్‌ఫర్డ్ అనే చోట పెద్ద పవర్ హౌస్ పెట్టి, అక్కణ్ణుంచి లండన్ నడిబొడ్డుకి 10,000 వోల్టుల మీద కరెంటు పంపుతానన్నాడు. అప్పట్లో రెండు వేల చిల్లర వోల్టులే పెద్ద గొప్ప, ఎడిసన్ లాంటివాళ్ళు వీధికో డీసీ స్టేషన్ పెట్టాలంటున్న రోజులు, పది వేలంటే అందరూ వీడికి పిచ్చి అన్నారు. అంత వోల్టేజీకి తగ్గ కేబులే లేకపోతే తనే చేసుకున్నాడు, రాగి గొట్టం, దాని చుట్టూ మైనంలో నానబెట్టిన గోధుమరంగు కాగితం, మళ్ళీ పైన ఇంకో రాగి గొట్టం, ఇరవై అడుగుల ముక్కలుగా తెచ్చి జాయింట్లు వేసుకుంటూ పోయారు. రోడ్డు తవ్వేవాడు ఎవడైనా గునపం దింపితే చచ్చిపోతాడు కదా అని గవర్నమెంటు వాళ్ళు భయపడితే, సరే చూడండి అని తన అసిస్టెంట్లలో ఒకడి చేత ఉలి పట్టించి ఇంకొకడి చేత సుత్తితో కొట్టించి కరెంటు ఉన్న కేబుల్లోకే దింపించాడు. బయటి గొట్టం ఎర్త్ అయ్యుంది కాబట్టి ఉలి పట్టుకున్నవాడికి ఏమీ కాలేదు. నేను 33 ఏళ్ళు సర్వీసు చేసాను, మా పై ఆఫీసరు డీఈ ఎంత చెప్పినా ఆ ఉలి మాత్రం పట్టుకునేవాణ్ణి కాదు. ఆ కేబుళ్ళు నలభై ఏళ్ళకి పైగా పనిచేసాయి. వాటిమీదే లోడు లేనప్పుడు అవతలి చివర వోల్టేజీ పెరగడం చూసారు, పేరు అలా పుస్తకాల్లోకి ఎక్కింది.

గొప్ప ఇంజనీరు గొప్ప షావుకారు అవ్వాలని ఏం లేదు కదా. కంపెనీని మాంచెస్టర్ దగ్గర హాలిన్‌వుడ్‌కి మార్చాడు, 1903లో అప్పుల్లో మునిగి, అప్పులిచ్చినవాళ్ళ తరఫున వచ్చే రిసీవర్ల చేతిలోకి పోయింది, తిరిగి లేచినా పెత్తనం ఆయనకి దక్కలేదు. అయితే మీటర్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ చేసి నిలబడ్డారు. 1930లో ఆయన పోయాక కొడుకు విన్సెంట్ చైర్మన్ అయ్యాడు, ఎలక్ట్రానిక్స్ కథంతా ఈయన హయాంలోదే. ముందు రేడియోలు, తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ సామాను, 1943లో ఎడిన్‌బరోలో విమానాల గన్ సైట్ల (గురి చూసే పరికరాల) కోసం ఒక ఫ్యాక్టరీ. యుద్ధం అయ్యేసరికి వాల్వులతో (ట్రాన్సిస్టర్లు రాకముందు వాడిన గాజు బుడ్లు) పని చెయ్యడం తెలిసిన మనుషులు చేతినిండా ఉన్నారు, ఆర్డర్లు మాత్రం తగ్గిపోయాయి.

సరిగ్గా అప్పుడే పక్కనే మాంచెస్టర్ యూనివర్సిటీలో విలియమ్స్, కిల్‌బర్న్ అనే ఇద్దరు చేసిన చిన్న మెషీను 1948 జూన్ 21న మెమరీలో దాచుకున్న ప్రోగ్రాముని మొదటిసారి నడిపింది. గవర్నమెంటు సైంటిస్టు ఒకాయన వచ్చి చూసి ముచ్చటపడి, ప్రొఫెసర్ విలియమ్స్ చెప్పినట్టు ఒక మెషీను కట్టండని ఫెర్రాంటికి రెండు ముక్కల ఉత్తరం రాసాడు, టెండర్ లేదు, మూడు కొటేషన్లు లేవు, ఫైలు మీద నోటింగ్ లేదు. ఆ ఉత్తరం ఫలితమే మార్క్ 1, నాలుగు వేల పైచిలుకు వాల్వులు. దానికి ప్రోగ్రామింగ్ పుస్తకం రాసింది ఎవరనుకున్నారు, ఆలన్ ట్యూరింగ్. మీ వ్యాసంలో ట్యూరింగ్ ఫోటో ఇంత పెద్దది వేసారు, ఆయన ఏ మెషీను కోసం మాన్యువల్ రాసాడో మాత్రం వదిలేసారు. ఇంకో సంగతి, ఆ మెషీన్ల మీద పనిచేసిన ఫెర్రాంటి ఉద్యోగుల్లో మేరీ లీ వుడ్స్ అనే ఆవిడ, కాన్వే బెర్నర్స్ లీ అనే ఆయన ఉండేవారు, ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు, వాళ్ళబ్బాయే తర్వాత వరల్డ్ వైడ్ వెబ్ కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ. మీ రెండో పేజీలో ఆ అబ్బాయి ఫోటో కూడా ఉంది! అమ్మానాన్నలు ఏ ఆఫీసులో కలిసారో ఒక్క లైన్ రాసుంటే మొదటి పేజీకీ రెండో పేజీకీ ముడి పడేది.

తర్వాత పెగాసస్ అనే కంప్యూటర్ వచ్చింది, 1962లో అట్లాస్ వచ్చింది. మన ల్యాప్‌టాప్‌లో ర్యామ్ చాలకపోతే డిస్కుని ర్యామ్‌లా వాడుకుంటుందే, వర్చువల్ మెమరీ, ఆ ఐడియా అట్లాస్‌దే. గొప్ప మెషీను, లాభం మాత్రం లేదు. 1963లో ఆఫీసుల కంప్యూటర్ల బిజినెస్ అంతా ఐసీటీ అనే కంపెనీకి అమ్మేసారు. ఫ్యాక్టరీల్ని నడిపే ఆర్గస్ అనే కంప్యూటర్ని మాత్రం ఉంచుకున్నారు, బ్లడ్‌హౌండ్ క్షిపణి పనిలోంచి పుట్టింది అది. ఆ క్షిపణి కాంట్రాక్టులో మరీ ఎక్కువ లాభం తిన్నారని గొడవై, విచారణ జరిగి, 42 లక్షల 50 వేల పౌండ్లు గవర్నమెంటుకి వెనక్కి కట్టారు. మంచివాళ్ళని చెప్పడానికి రాయట్లేదు నేను.

1974లో జరిగింది చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నష్టాలు భరించలేక బ్యాంకు చేతులెత్తేసింది, గవర్నమెంటు ఒకటిన్నర కోట్ల పౌండ్లు పెట్టి నూటికి అరవై రెండున్నర వాటా తీసుకుని కాపాడింది. నష్టం తెచ్చింది ఏదో తెలుసా, పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు. ఏ పనితో కంపెనీ నిలబడిందో ఆ పనే మెడకి గుదిబండ అయ్యింది, తర్వాత నాలుగైదేళ్ళలో ఆ షాపే మూసేసారు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి. 1980ల మొదట్లో, అప్పటికింకా పెళ్ళికాలేదు, ఆదివారమొస్తే కోఠి గుజరాతీ గల్లీకి పోయి రెసిస్టర్లూ కెపాసిటర్లూ ఏరుకునే పిచ్చి ఉండేది. ఒకసారి షాపాయన అగ్గిపెట్టెలోంచి తీసి ఇచ్చాడు, జెడ్ఎన్ 414, చూడ్డానికి మామూలు ట్రాన్సిస్టర్ లాగా మూడే కాళ్ళు, లోపల మాత్రం పది ట్రాన్సిస్టర్లు, అచ్చంగా రేడియో మొత్తం. ఒక ఫెర్రైట్ రాడ్డు మీద వైరు చుట్టి, ఒక గ్యాంగు (స్టేషన్ మార్చడానికి తిప్పే కండెన్సరు), ఒక పెన్సిల్ సెల్లు, చెవిలో పెట్టుకునే క్రిస్టల్ ఇయర్‌ఫోన్, అంతే. మొదటిది కాళ్ళు తిప్పి పెట్టి మాడ్చేసాను, ఎవరి తప్పూ కాదు నాదే, పై ఆదివారం రెండోది కొన్నాను. గ్యాంగు మెల్లగా తిప్పుతుంటే గరగరల మధ్యలోంచి 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ ఏ స్టేషన్ పట్టింది, వార్తలు అయిపోతున్నాయి, చివరి వాక్యం మాత్రం విన్నాను, రూములో ఒక్కణ్ణే లేచి గెంతాను. డేటాషీట్ జిరాక్సు మీద కంపెనీ పేరు చూస్తే ఫెర్రాంటి. పగలంతా ఎఫెక్టుతో తల పట్టుకుని, సాయంత్రం అదే పేరున్న చిప్పులో రేడియో వినడం, ఇది ఆ ఫెర్రాంటేనా ఇంకెవరో ఫెర్రాంటినా అని కనుక్కోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, గూగుల్ ఎక్కడిది అప్పుడు.

తర్వాత మా ఆవిడ టీచరుగా చేసే స్కూలుకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి, 1984లో కేంద్రం స్కూళ్ళలో కంప్యూటర్ నేర్పడానికి మొదలుపెట్టిన క్లాస్ ప్రాజెక్టు కింద ఇచ్చారే, అవి. చెప్పులు బయట విప్పి, తెర దించి, దేవుడి గదిలోకి పోయినట్టు పోవాలి. ఒకటి క్యాసెట్ నుంచి లోడ్ అవ్వకపోతే నన్ను పిలిచారు, మూత విప్పి చూస్తే ఆ క్యాసెట్ పని చూసే చిప్పు మీద మళ్ళీ ఫెర్రాంటి పేరే. చిప్పు తప్పేం లేదు, ప్లగ్గు వదులైంది.

యూఎల్ఏ అంటారు ఆ రకం చిప్పుల్ని. టైలర్ ముందే గుడ్డ కత్తిరించి పెట్టుకుని, మనిషొచ్చాక కొలత చూసి కుట్టేసి ఇచ్చినట్టు, గేట్లన్నీ (లెక్క చేసే చిన్న చిన్న సర్క్యూట్లు) చిప్పు మీద ముందే పరిచి పెట్టి, చివరి మెటల్ పొర మాత్రం కస్టమర్ అడిగినట్టు వేసి ఇస్తారు. ఇంగ్లాండులో సింక్లెయిర్ అనే కంపెనీ వాళ్ళ జెడ్ఎక్స్ 80 కంప్యూటర్లో 21 చిప్పులుండేవి, 1981లో వచ్చిన జెడ్ఎక్స్ 81లో నాలుగంటే నాలుగు, మిగతా పనంతా ఫెర్రాంటి యూఎల్ఏ ఒక్కటే చేసేది, అందుకే 70 పౌండ్లకి కంప్యూటర్ ఇవ్వగలిగారు. గేట్లలో డెబ్బై శాతమే వాడండి అని ఫెర్రాంటి చెప్తే వీళ్ళు మొత్తం వాడేసారట, అది కాస్తా వేడెక్కేది. మనం ఆటోలో ఎనిమిది మందిని ఎక్కించినట్టు.

ఇంత పని వచ్చిన కంపెనీ పోయింది ఎలా అంటే, పని చేతకాక కాదు, పక్కవాడి లెక్కలు నమ్మి. 1987లో ఐఎస్సీ అనే కంపెనీని కొన్నారు, అమెరికాలో పెన్సిల్వేనియాలో ఆయుధాల వ్యాపారం, యజమాని జేమ్స్ గెరిన్, దాదాపు 42 కోట్ల పౌండ్ల బేరం. రెండేళ్ళకి తేలిందేంటంటే దాని కాంట్రాక్టుల్లో పెద్దవి కొన్ని కాగితం మీద తప్ప ఎక్కడా లేవు, ఇరవై ఒకటిన్నర కోట్ల పౌండ్ల బొక్క. 1990లో ఎడిన్‌బరో రాడార్ బిజినెస్‌ని జీఈసీ అనే కంపెనీకి అమ్ముకున్నారు, చిప్పుల విభాగం అంతకుముందే ప్లెస్సీ అనే కంపెనీకి పోయింది. గెరిన్‌కి 1992లో 15 ఏళ్ళ జైలు పడింది, పడితే ఏం లాభం, 1993 డిసెంబర్లో కంపెనీ రిసీవర్ల చేతికి పోయింది. తొంభై ఏళ్ళ తర్వాత రెండోసారి, ఈసారి లేవలేదు. 2009 జనవరి 7న మన సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల ఉత్తరం బయటికొచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే, కాకపోతే అక్కడ సొంత ఇంట్లోనే దొంగ లెక్కలు, ఇక్కడ కోడలితో పాటు కట్నంలా వచ్చాయి, చివరికి నష్టపోయింది మాత్రం రెండు చోట్లా పొద్దున్నే టిఫిన్ బాక్సు పట్టుకుని పోయేవాళ్ళే.

మీ వ్యాసం మీద నా కోపం తారీకు గురించి మాత్రమే కాదు సార్. కంప్యూటర్ అంటే గ్యారేజీలో ఇద్దరు కుర్రాళ్ళు అని మొదలుపెడతారు అందరూ, మీరూ అలాగే మొదలుపెట్టారు. గ్రీజు చేతుల వాళ్ళు, కాయిల్ చుట్టేవాళ్ళు, మీటర్లు క్యాలిబ్రేట్ చేసేవాళ్ళు ఆ కథలో ఎక్కడా ఉండరు. మన ఊళ్ళో మాత్రం? 1967లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ ఈసీఐఎల్‌లో ఏఎస్ రావు గారి టీము 1969కల్లా టీడీసీ 12 అని కంప్యూటర్ చేసింది. హైదరాబాద్ కంప్యూటర్ కథ హైటెక్ సిటీ దగ్గర మొదలవుతుందని మీ మూడో కాలమ్‌లో రాసారు, నేనుండేది ఆ ఈసీఐఎల్ పక్కనే కుషాయిగూడ, మా వీధిలో పెద్దాయనలు చదివితే కర్ర పట్టుకుని మీ ఆఫీసుకి వస్తారు. బీరువాలూ బస్సు బాడీలూ ఫ్రిజ్‌లూ చేసిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ వాళ్ళు జపాన్ సీకోతో కలిసి వాచీలు చేసారు, నా పెళ్ళి వాచీ అదే. ఇప్పుడు మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా అని కండక్టర్ అరిస్తే దిగే పిల్లలు ఆల్విన్ అంటే ఏదో సినిమా హాలు పేరనుకుంటారు, అచ్చం మా పక్కింటబ్బాయి ఫెర్రైట్ అన్నట్టే.

కాబట్టి రెండు అడుగుతున్నాను. వచ్చే ఆదివారం ఒక మూల చిన్న సవరణ వెయ్యండి, ఫిబ్రవరి 1951, ఫెర్రాంటి మార్క్ 1, మాంచెస్టర్, అంతే చాలు. రెండోది, ఆ రాసిన అమ్మాయినో అబ్బాయినో ఒకసారి మా కుషాయిగూడ, కమలానగర్ వైపు పంపండి, టీడీసీ మెషీన్ల మీద పనిచేసినవాళ్ళు ఇంకా పొద్దున్నే పార్కులో వాకింగ్ చేస్తూ కనబడతారు, ఆరున్నరకి వస్తే దొరుకుతారు, ఎనిమిది దాటితే ఎండకి వెళ్ళిపోతారు. నా జెడ్ఎన్ 414 రేడియో సబ్బుపెట్టెలో అలాగే ఉంది, ఫోటో కావాలంటే తీసుకోవచ్చు. పెన్సిల్ సెల్లు మాత్రం మీవాళ్ళే తెచ్చుకోవాలి.

ఇట్లు
మీ పాత పాఠకుడు, రిటైర్డ్ ఏడీఈ,
కుషాయిగూడ, హైదరాబాద్